మూడు వేళ్ళ బ్రౌన్ బంతి ఎలా తిప్పాడు?

చి. పండుకి, చి. బుజ్జమ్మకి తాతయ్య ఆశీస్సులు.

పండూ, మొన్న వీడియో కాల్‌లో లైబ్రరీ పుస్తకం ఫోన్‌కి ఆనించి పెట్టి "తాతయ్యా, ఈయనకి మూడు వేళ్ళేనట, మరి బాల్ ఎలా వేశాడు?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోగా మీ అమ్మ అన్నానికి పిలిచింది, నువ్వు తుర్రుమన్నావు. అలాంటి ప్రశ్న సగంలో వదిలేస్తే నాకు నిద్ర పట్టదురా, అందుకే ఈ ఉత్తరం. క్రికెట్ తాతకి బేస్‌బాల్ ఏం తెలుసులే అనుకోకు. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మీరంతా బయటికి పోయాక నాకు కాలక్షేపం టీవీలో ఆ ఆటా, లైబ్రరీలో దాని పాత ముచ్చట్లూ.

నీ పుస్తకంలోని ఆ పాతకాలం బేస్‌బాల్ ఆటగాడి పూర్తి పేరు మోర్డెకాయ్ పీటర్ సెంటెనియల్ బ్రౌన్. పుట్టింది 1876లో, అమెరికా స్వాతంత్ర్యానికి సరిగ్గా నూరేళ్ళు నిండిన ఏడు, ఆ సంబరం కాస్తా పిల్లాడి పేరులో ఇరికించారు. ఊరు నైస్‌విల్, మీ పక్క రాష్ట్రం ఇండియానాలో చిన్న పల్లె. చిన్నప్పుడు పశువుల మేత కోసే మిషన్‌లో కుడిచెయ్యి పెట్టాడు. చూపుడువేలు చాలామటుకు పోయింది. చెయ్యి మానకముందే మళ్ళీ కిందపడి మిగతా వేళ్ళు విరగ్గొట్టుకున్నాడు. నడిమివేలు వంకరగా అతుక్కుంది, చిటికెనవేలు సరిగ్గా పనిచెయ్యదు. అంటే మూడువేళ్ళన్నది జనం పెట్టుకున్న ముద్దుపేరే, అసలు లెక్క నాలుగున్నర దగ్గర.

ఆ మిషన్ నీకు తెలుసు. మన దొడ్లో జామచెట్టు పక్కన తుప్పు పట్టి ఉందే, గుండ్రటి పెద్ద ఇనప చక్రం, దానికి కొడవళ్ళలాంటి రెండు కత్తులు, అదే జాతిది. ఒకరు చక్రం తిప్పుతుంటే ఇంకొకరు ఇనప గొట్టంలోకి జొన్నచొప్ప నెట్టాలి. చొప్ప చివరికొచ్చేసరికి గుప్పెడంత మొదళ్ళు మిగిలిపోతాయి, వాటిని చేత్తో ఇంకాస్త లోపలికి తొయ్యాలనిపిస్తుంది చూడు, ప్రమాదమంతా అక్కడే ఉంది. మా నాన్న మమ్మల్ని దాని ఛాయలకి రానిచ్చేవాడు కాదు. అయినా చక్రం ఊరికే తిప్పితే వచ్చే ఆ గరగర చప్పుడు కోసం మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీసే వేళ వెళ్ళేవాళ్ళం. నువ్వు మాత్రం వచ్చే సెలవుల్లో దూరం నుంచే చూడు.

ఇక నీ ప్రశ్న. బొంగరం సంగతి తీసుకో. తాడు చుట్టి విసిరినప్పుడు బొంగరాన్ని తిప్పేది మన బలం ఒక్కటే కాదు, తాడు ఆఖరికి ఏ వైపు నుంచి, ఎలా వదిలిందన్నది కూడా. మామూలు పిచ్చర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, చూపుడువేలూ నడిమివేలూ తాడు పని చేస్తాయి, బంతి చివరగా వాటి మీంచే జారిపోతుంది. బ్రౌన్‌కి ఒకటి మొండి, ఇంకొకటి వంకర. ఆయన తాడు అందరి తాడులా వదల్లేదు, కాబట్టి బంతి అందరి బంతిలా తిరగలేదు. మా ఊళ్ళో కంసాలి ఒకసారి నా బొంగరానికి ములికి కాస్త పక్కకి దిగేసి ఇచ్చాడు. అది తిన్నగా నిలబడి నిద్రపోయే రకం కాదు, గెంతుకుంటూ పోయి ఎవరి బొంగరం మీద పడుతుందో నాకే తెలిసేది కాదు. మొదట ఏడ్చాను. వారం తిరిగేసరికి అదే బొంగరానికి బదులు కొత్తవి రెండిస్తామన్నవాళ్ళున్నారు. నేనివ్వలేదు. తర్వాత అది మా చిన్నాన్న కొడుకు చేతిలో పడి చెరువు పాలైంది, అది వేరే కథ, మీ నానమ్మనడిగితే నాకంటే రసవత్తరంగా చెబుతుంది.

ఎక్కడున్నాను? ఆఁ, బంతి. బొంగరం నేల మీద తిరుగుతుంది, బంతి గాలిలో తిరుగుతుంది, గాలి దాన్ని ఓ పక్కకి నెడుతుంది. బ్రౌన్ బంతి తిన్నగా వస్తున్నట్టే వచ్చి బ్యాట్ దగ్గర గబుక్కున కిందికి దిగిపోయేదట. ఎందుకంత అంటే మీ సైన్స్ టీచర్ బోర్డు నిండా బాణాలు గీసి చెబుతారు, నేను మాత్రం బొంగరం దగ్గరే ఆగిపోతాను. 1906లో ఆయన బౌలింగ్‌లో అవతలివాళ్ళు తీసిన పరుగులు, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే, సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి ఆటకి, 1.04. ఆటలోకి రాకముందు బొగ్గు గనిలో పనిచేసిన మనిషి, ఆ చేత్తోనే, మొత్తం 239 ఆటలు గెలిచాడు.

1908 సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరానికి ఉప్పు లేనట్టే. సెప్టెంబర్ 23న న్యూయార్క్ జెయింట్స్‌కీ బ్రౌన్ ఆడే షికాగో కబ్స్‌కీ ఆట. ఆఖర్లో జెయింట్స్ వాడు కొట్టాడు, గెలుపు పరుగు వచ్చేసింది, జనం మైదానంలోకి విరుచుకుపడ్డారు. ఫస్ట్ బేస్ (పరుగు తీసేవాడు వరసగా తాకాల్సిన గుర్తుల్లో మొదటిది) నుంచి పరిగెత్తుతున్న ఫ్రెడ్ మెర్కల్, పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, ఆట అయిపోయిందని సెకండ్ బేస్ తాకకుండానే పక్కకి తిరిగి వెళ్ళిపోయాడు. అప్పట్లో చాలామంది అంతే చేసేవాళ్ళు, ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ కబ్స్‌లో జానీ ఎవర్స్‌కి రూల్ తెలుసు: మెర్కల్ సెకండ్ బేస్ తాకేలోగా బంతితో దాని మీద నిలబడితే అతను ఔట్, ఆ పరుగు చెల్లదు. ఆ తొక్కిసలాటలో బంతి కోసం కేకలేసి, ఒక బంతి చేత పట్టుకుని సెకండ్ బేస్ మీద నిలబడ్డాడు. అంపైర్ మెర్కల్ ఔటన్నాడు, పరుగు చెల్లలేదు, ఆట 1-1. సీజన్ ముగిసేసరికి రెండు జట్లూ సమానం. ఇక ఆ ఆట మళ్ళీ ఆడాల్సిందే.

అక్టోబర్ 8న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో ఆడారు. జెయింట్స్‌కి పిచ్చర్ క్రిస్టీ మాథ్యూసన్, మహామహుడు. కబ్స్‌కి మొదట వేసినవాడు తొలి ఇన్నింగ్స్‌లోనే తడబడితే బ్రౌన్‌ని దింపారు. వేలమంది నానా తిట్లూ తిడుతుంటే ఆ మొండివేలితో చివరిదాకా వేసి 4-2తో గెలిపించాడు. తర్వాత పేరుమోసిన బ్యాటర్ టై కాబ్ ఉన్న డెట్రాయిట్‌ని ఓడించి కబ్స్ వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి ఆఖరి పెద్ద పోటీ, పట్టుకుపోయింది. మళ్ళీ వాళ్ళకి ఆ కప్పు దక్కింది 2016లో. తీసివేత నువ్వే చేసుకో, ఆ అంకె గుర్తుంచుకో, పని ఉంది.

నాకు మాత్రం ఆ కథలో మెర్కల్ మీదే జాలి. ఒక్క అడుగు వెయ్యనందుకు బతికున్నంతకాలం వెక్కిరించారు. వాళ్ళ మేనేజర్ మెక్‌గ్రా మాత్రం వెనకేసుకొచ్చాడు. మీ టీమ్‌లో ఎవరైనా క్యాచ్ వదిలేసినప్పుడు మీరిద్దరూ మెక్‌గ్రా వైపు ఉండండి. బేస్ తాకడం కూడా మర్చిపోకండి, అది వేరే సంగతి.

బుజ్జమ్మా, నీ ప్రశ్న నేను మర్చిపోలేదు. అందరికంటే ఎక్కువ ఓడిపోయినవాడి పేరు మీద మంచి పిచ్చర్లకి బహుమతి ఎలా ఇస్తారన్నావు. ఆ బహుమతి పేరు సై యంగ్ అవార్డు. ఆ సై యంగ్ 511 ఆటలు గెలిచాడు, 315 ఓడాడు, రెండూ రికార్డులే. మీ ఒహాయోలోనే గిల్మోర్‌లో పుట్టిన రైతుబిడ్డ, 1890 నుంచి 1911 దాకా ఆడాడు. నువ్వు పియానో క్లాసులో ఓసారి తప్పు వాయించి మళ్ళీ వెళ్ళనని మంచం కింద దూరావు చూడు, ఆయనైతే మంచం కింద ఎన్నిసార్లు దూరాలో లెక్కెయ్యి. అన్నిసార్లు ఓడినా మర్నాడు మళ్ళీ ఆయన చేతికే బంతి ఇచ్చారంటే ఎంత నమ్మకం ఉండాలి? అవార్డు మొదలైంది 1956లో, ఆయన పోయిన మరుసటేడు. బ్రౌన్‌కీ అంతే, 1948లో పోయాడు, 1949లో గొప్ప ఆటగాళ్ళ పేర్లు చేర్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు. మనుషులున్నప్పుడే చేస్తే ఏం పోతుందో నాకర్థం కాదు.

పండూ, నీకో పని. టెన్నిస్ బాల్ తీసుకుని చూపుడువేలు మడిచేసి, నడిమివేలు వంచి గ్యారేజ్ తలుపుకి కాదు, పెరట్లో కంచె వైపు విసిరి చూడు. తర్వాత నీ బేస్‌బాల్ మీద ఎర్ర దారం కుట్లు లెక్కపెట్టు. అటొకటి ఇటొకటి, రెండూ కలిపి ఒక జంట అనుకో, మొదలెట్టిన చోట స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టుకో, లేకపోతే తిరిగి తిరిగి అక్కడికే వస్తావు. ఎన్ని జంటలు వచ్చాయో ఆ తీసివేత పక్కన రాసి, నాకు కాదు, మీ నానమ్మకి ఫోన్ చేసి చెప్పు. రోజూ పొద్దున్నే పూలు పెట్టుకుని ఆవిడ అన్ని నామాలు చదువుతుంది, వింటే ఎగిరి గంతేస్తుంది.

మీ తాతయ్య