మణికట్టులో నల్లగీత

మా పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా సోఫా మీంచి దూకి కుడిచేతి మీద పడింది. మణికట్టు వాచింది. ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్మును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసేసరికి నా గుండె జారిపోయింది. ముంజేతి ఎముక చివర అడ్డంగా నల్లటి గీత, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. ఎముక రెండు ముక్కలైపోయిందనే అనుకున్నాను. డాక్టర్ గారు ఫిల్ము తీసుకుని చూసి, "విరిగింది అక్కడ కాదమ్మా" అని, ఆ గీతకు రెండు సెంటీమీటర్ల ఎడంలో ఎముక అంచు కొద్దిగా ఉబ్బిన చోటు చూపించారు. "ఇదిగో, ఇక్కడ కాస్త నలిగింది. మూడు వారాల్లో కట్టుకుంటుంది. మీరు భయపడుతున్న గీత పాప పెరిగే చోటు."

చేతికి కట్టు వేస్తున్నంతసేపూ పాప ఏడుస్తూనే ఉంది. నేను ఆ ఫిల్మునే చూస్తూ ఉండిపోయాను. పిల్ల పెరుగుతోందని తెలుసు, గౌన్లు పొట్టివవుతున్నాయని తెలుసు. కానీ "ఇదిగో, ఇక్కడ పెరుగుతోంది" అని వేలు పెట్టి చూపించగలిగే చోటు ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అప్పటినుంచి ఆ గీత గురించి దొరికినదల్లా చదువుతున్నాను.

మొన్న ఒక తల్లి అడిగారు: "మా బాబుకి ఏడాదిన్నర. నెలన్నర నుంచి ఒక్క పిసరు కూడా పొడవు పెరగలేదండీ. చాలా టెన్షన్‌గా ఉంది." ఆవిడకు జవాబు చెప్పాలంటే నల్లగీత దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. మంచి తిండి, టీకాలు, శుభ్రత గురించి అందరూ చెబుతారు, వాటిని వదిలేస్తున్నాను.

ఎముక పొడవు పెరుగుతుందంటే రబ్బరులా మొత్తం సాగుతుందని మనకు తోస్తుంది. అది నిజమేనా అని ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతబోధకుడు పరీక్షించి, 1727లో ప్రచురించాడు. ఎదుగుతున్న కోడిపిల్ల కాలి ఎముక తీసుకున్నాడు. పొడవు రెండు అంగుళాలు. దానిమీద అర అంగుళం ఎడంతో రెండు చిన్న రంధ్రాలు పొడిచాడు. రెండు నెలలు పోయాక చూస్తే ఎముక ఇంకో అంగుళం పెరిగింది. రంధ్రాల మధ్య దూరం మాత్రం అదే అర అంగుళం! నడిమి ఎముక అసలు సాగలేదు, పెరిగినదంతా చివర్ల దగ్గరే. బడిలో మాకు 206 ఎముకల లెక్క బట్టీ పట్టించారు. ఆ రెండు రంధ్రాల కథ ఒక్కసారి చెప్పి ఉంటే ఎముక అంటే ఏమిటో ఆ రోజే అర్థమయ్యేది.

ఆ చివర్లలో ఉండేదే మా పాప నల్లగీత. గ్రోత్ ప్లేట్ అంటారు. మందం కొద్ది మిల్లీమీటర్లే. అది ఎముక కాదు, మృదులాస్థి. చెవిని మడిస్తే వంగుతుందే, అలాంటి పదార్థం. అందులో కాల్షియం పేరుకుని ఉండదు కాబట్టి ఎక్స్‌రే కిరణాలు సూటిగా దూసుకుపోతాయి, ఫిల్ము మీద ఆ చోటు నల్లగా పడుతుంది. నాకు ఖాళీగా కనబడిన చోటు నిజానికి కణాలతో కిక్కిరిసి ఉంది.

ఆ కణాలు ఉన్న తీరు చూడాలి. మైక్రోస్కోపులో పళ్ళేలు దొంతరలుగా పేర్చినట్టు ఉంటాయి. ఎముక పొడవు ఎటుందో దొంతరలూ అటే నిలబడి ఉంటాయి. దొంతరకు ఒక కొసన, అంటే ఎముక చివరి వైపు, తొందర లేకుండా వేచి ఉండే కణాలు. వాటి తర్వాత గబగబా విభజన చెందే పల్చటి కణాలు. ఒక కణం రెండుగా విడిపోయినప్పుడు పిల్లకణాలు మొదట పక్కపక్కన ఉంటాయి. తర్వాత ఒకటి మెల్లగా జరిగి రెండోదాని కిందికి దూరుతుంది. అలా దూరకుండా పక్కపక్కనే ఉండిపోతే ఎముక లావెక్కేది. దూరడం వల్లే దొంతర పొడవెక్కుతోంది.

అసలు పొడుగు వచ్చేది ఆ తర్వాతి దశలో. పల్చటి పళ్ళెంలా ఉన్న కణం ఉబ్బడం మొదలుపెడుతుంది. ఉబ్బి ఉబ్బి పళ్ళెం కాస్తా చెంబవుతుంది. కణం పరిమాణం సుమారు పది రెట్లవుతుంది. వంద పళ్ళేల దొంతరలో అడుగున ఉన్న పళ్ళేలన్నీ చెంబులైపోతే పైనున్నవి ఎంత ఎత్తుకు లేస్తాయో ఊహించండి. పిల్ల పొడుగవడమంటే చాలామటుకు ఇదే.

ఈ ఉబ్బడం కూడా ఒక్క తీరున సాగదని 2013లో తేలింది. మొదట కణం తన ప్రోటీన్లు, ఇతర పదార్థాలు పెంచుకుంటూ మామూలుగా పెద్దదవుతుంది. రెండో దశలో సరుకు పెద్దగా పెంచుకోకుండా నీళ్ళు నింపుకుని ఉబ్బుతుంది. మూడో దశలో మళ్ళీ సరుకూ నీరూ ఒకే పాళ్ళలో పెంచుకుంటుంది. వేగంగా పెరిగే ఎముకకూ నెమ్మదిగా పెరిగే ఎముకకూ తేడా ముఖ్యంగా ఈ మూడో దశలోనే వస్తుంది. అక్కడ పనిచేసే సంకేతం ఐజీఎఫ్-1 అనే ప్రోటీన్. జెర్బోవా అనే గెంతే ఎలుక ఉంది. శరీరం చిన్నది, వెనక పాదాలు మాత్రం బారెడు. ఆ పాదాల్లోని కణాలు మామూలు చిట్టెలుకలో కంటే చాలా ఎక్కువగా ఉబ్బుతాయి.

చెంబులైన కణాల చుట్టూ కాల్షియం పేరుకుంటుంది. మూలుగ వైపు నుంచి రక్తనాళాలు చొచ్చుకొస్తాయి. ఉబ్బిన కణాల్లో చాలావరకు చనిపోతాయి, కొన్ని రూపం మార్చుకుని ఎముక కట్టే కణాలవుతాయి. స్లాబు పోసేముందు సెంట్రింగ్ కట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక ఊడదీస్తారు కదా. ఇక్కడ మృదులాస్థే సెంట్రింగ్. ఒక పక్క కొత్తది కడుతూ, ఇంకో పక్క ఊడదీస్తూ ఉంటారన్నమాట. కట్టే వేగం, ఊడదీసే వేగం సరిపోతుంటాయి కాబట్టి నల్లగీత మందం పెద్దగా మారదు. ఎముక మాత్రం పెరుగుతూ పోతుంది.

అన్ని గీతలూ ఒకే జోరు మీద ఉండవు. తొడ ఎముక పొడవు పెరగడంలో నూటికి 70 వంతులు మోకాలి వైపు గీతదే. ముంజేతి ఎముకకు ముప్పాతిక వంతు మణికట్టు వైపు నుంచి వస్తుంది.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకొస్తాను. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లున్న బిడ్డ మొదటి ఏడాదిలో 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రెండో ఏడాదిలో అందులో సగం. ఈ లెక్కను రోజులకు పంచి, రోజూ ఇంత చొప్పున పెరగాలని మనం అనుకుంటాం. డాక్టర్ల దగ్గరుండే చార్టుల్లో గీత నున్నగా వంపు తిరిగి ఉండటం వల్ల కూడా అలా అనిపిస్తుంది. కానీ అవి నెలలకొకసారి తీసిన కొలతల్ని కలిపి గీసినవి. రోజూ కొలిస్తే ఏమవుతుంది?

మిషెల్ లాంపుల్ అనే మానవశాస్త్రవేత్త సరిగ్గా ఆ పనే చేశారు. మూడు రోజుల పసికందుల నుంచి 21 నెలల పిల్లల దాకా 31 మందిని కొందరిని వారానికోసారి, కొందరిని రెండుసార్లు, కొందరిని రోజూ కొలిచి, ఫలితాలను 1992లో ప్రచురించారు. బిడ్డ రోజుల తరబడి ఏమాత్రం పెరగదు. ఆ విరామం 2 రోజులు కావచ్చు, 63 రోజులు కావచ్చు. తర్వాత ఉన్నట్టుండి అర సెంటీమీటరు నుంచి రెండున్నర సెంటీమీటర్ల దాకా గెంతు! పసితనంలో నూటికి 90 రోజుల పైగా పిల్లలు పొడవు పెరగకుండానే గడిపేస్తున్నారన్నమాట. నెలన్నర ఆగిన ఆ బాబు ఈ లెక్కలో హాయిగా ఇముడుతాడు.

దీన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. తన్నుకులాడే బిడ్డను పడుకోబెట్టి కొలిస్తే తప్పులు రావా, ఆ తప్పులే గెంతుల్లా కనబడి ఉండవచ్చు కదా అని వాదించారు. అది తీసిపారేయాల్సిన మాట కాదు. మా పాపను ఒకే పూట మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలొచ్చిన రోజులున్నాయి. పైగా పొద్దున్న లేవగానే అందరం కాస్త పొడుగ్గానే ఉంటాం. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య మెత్తలు నలిగి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాం. అయినా పెరుగుదల నున్నగా సాగదు, ఆగుతూ ఊపందుకుంటూ నడుస్తుందని కాలి ఎముకను మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలిచే పరికరాలతో చేసిన పరిశీలనల్లోనూ కనబడింది. గెంతు ఎంత పెద్దదన్న దగ్గరే పేచీ.

లాంపుల్ 2011లో ఇంకో సంగతి చెప్పారు. 23 మంది పిల్లల నిద్రను తల్లిదండ్రులు నెలల తరబడి రాసి పెట్టారు. మధ్యమధ్య పిల్లలు రెండు రోజుల పాటు మామూలు కంటే రోజుకు సగటున నాలుగున్నర గంటలు ఎక్కువ నిద్రపోయారు. అలాంటి నిద్రల తర్వాత ఒకట్రెండు రోజుల్లో పొడవు పెరగడం ఎక్కువగా కనబడింది. గ్రోత్ హార్మోన్ గాఢనిద్రలోనే జోరుగా విడుదలవుతుందని అప్పటికే తెలుసు. గొర్రెపిల్లల కాలి ఎముకలో సూక్ష్మమైన పరికరాలు అమర్చి చూసినప్పుడు ఇంకా స్పష్టంగా తెలిసింది. ఎముక పెరిగినదాంట్లో కనీసం నూటికి 90 వంతులు గొర్రెపిల్ల పడుకుని ఉన్నప్పుడే పెరిగింది. నిలబడి ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడు దాదాపు శూన్యం. బరువు పడితే చెంబులు ఉబ్బలేవు, బరువు దిగితే ఉబ్బుతాయి కాబోలు. అందుకే మధ్యాహ్నం పాప మూడు గంటలు నిద్రపోతే నేనిప్పుడు లేపను.

పడుకున్న బిడ్డను దాటితే ఎదగదని ఒక నమ్మకం ఉంది. చాలా భాషలవాళ్ళు ఇదే మాట అంటారు. దాటడానికీ గ్రోత్ ప్లేటుకూ ఏ సంబంధమూ లేదు. నాకు బాధేమిటంటే, నిజంగా ఎదుగుదల ఆగిన పిల్లల ఇళ్ళలో ఎవరు దాటారా అని వెతుకుతూ కూర్చుంటారు, థైరాయిడ్ పరీక్ష మాత్రం ఏడాది ఆలస్యమవుతుంది.

రాత్రిళ్ళు పిల్లలు కాళ్ళు నొప్పులని ఏడిస్తే ఎదుగుదల నొప్పులంటాం. అవి ఎదుగుదల వల్ల వస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు. రెండు కాళ్ళూ నొప్పి పెట్టి, పొద్దున్నకల్లా పిల్ల మామూలుగా పరుగెడుతుంటే భయం లేదు. ఒక కాలే నొప్పి పెడుతున్నా, కుంటుతున్నా, కీలు వాచినా, జ్వరం ఉన్నా డాక్టరుకు చూపించాలి.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన ప్రయోగం కుందేళ్ళ మీద జరిగింది. పెద్ద జబ్బు చేస్తే పిల్లల ఎదుగుదల ఆగుతుంది. జబ్బు తగ్గాక మామూలు కంటే వేగంగా పెరిగి, ఉండాల్సిన చోటికి చేరుకుంటారు. ఎంత వెనకబడ్డామో ఎవరు లెక్కపెడుతున్నారు? మెదడేమో అనుకునేవారు. 1994లో కుందేలు ఒక కాలి గ్రోత్ ప్లేట్‌లోకి మాత్రమే స్టెరాయిడ్ ఎక్కించి దాన్ని ఆపారు. మందు మానేశాక ఆ ఒక్క ప్లేటే వేగం పుంజుకుంది, రెండో కాలు తన మానాన తను పెరిగింది. అంటే లెక్క ఆ కొద్ది మిల్లీమీటర్ల మృదులాస్థి దగ్గరే ఉంది. వేచి ఉండే కణాలకు విభజనలు ఇన్నేనని పరిమితి ఉంటుందనీ, ఆగిన రోజుల్లో అవి ఖర్చు కాకుండా మిగిలిపోతాయనీ వివరించారు. కుడి కాలూ ఎడమ కాలూ దాదాపు పదిహేనేళ్ళు దేని లెక్క అది చూసుకుంటూ పెరిగి, చివరికి ఇంచుమించు సమానంగా తేలడం వెనక ఇలాంటి లెక్కే ఉండాలి.

పరిమితి అయిపోయాక గీత మూసుకుపోతుంది. మగపిల్లల్లో కూడా దాన్ని మూసేది ఆడ హార్మోనుగా పేరుపడ్డ ఈస్ట్రోజెనే. ఈస్ట్రోజెన్ సంకేతం అందుకోలేని ఒక మనిషి గురించి 1994లో రాశారు. 28 ఏళ్ళ వయసు, 204 సెంటీమీటర్ల ఎత్తు, గీతలు తెరిచే ఉన్నాయి, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు.

ఆ తల్లికి నేను చెప్పింది ఇదీ: వారంవారం కొలవకండి. రెండు మూడు నెలలకొకసారి, ఒకే వేళప్పుడు, ఒకరే కొలవండి. ఆరు నెలల కొలతలు చేతిలో ఉంటేనే ఏమైనా తెలుస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లలను పడుకోబెట్టి కొలవాలి, ఆ తర్వాత నిలబెట్టి. నాలుగేళ్ళు దాటి, ఇంకా ఈడుకు రాని పిల్లలు ఏడాదికి ఐదు సెంటీమీటర్లు కూడా పెరగకపోయినా, చార్టులో తమ గీత వదిలి కిందికి జారుతూ పోతున్నా పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే.

కట్టు విప్పిన ఆరు నెలలకు మా పాప మళ్ళీ అదే చేతి మీద పడింది. మళ్ళీ ఎక్స్‌రే. ఈసారి ఏమీ విరగలేదు. నల్లగీత ఉన్నచోటే ఉంది. దానికి కాస్త ఎడంగా, దానికి సమాంతరంగా, వెంట్రుకంత తెల్లటి గీత కొత్తగా కనబడింది. అదేమిటని అడిగాను. "అప్పుడు దెబ్బ తగిలి కొన్నాళ్ళు పెరుగుదల నెమ్మదించింది కదమ్మా, మళ్ళీ మొదలైనచోట ఎముక దట్టంగా పేరుకుంది" అన్నారు డాక్టర్ గారు. అప్పుడు ఆ తెల్లగీత నల్లగీతను ఆనుకునే ఉండాలి. ఇప్పుడు రెంటికీ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల కొత్త ఎముక ఉంది. తెల్లగీతకూ, పాత దెబ్బ మచ్చకూ మధ్య దూరం మాత్రం అలాగే ఉంది, హేల్స్ పొడిచిన రెండు రంధ్రాల్లాగా.