చిరుత వచ్చింది సరే, ఎప్పుడు నొక్కాలి? డ్రూయిడ్ ట్రావెల్ ఫామ్ మీద అపోహలు - వాస్తవాలు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో కొత్తగా డ్రూయిడ్ (జంతువుల రూపాల్లోకి మారే పాత్ర) మొదలుపెట్టిన కుర్రాళ్ళు మా గిల్డ్‌లోకి, అంటే కలిసి ఆడే జట్టులోకి రాగానే అడిగేది ఒకటే: "అన్నా, చిరుత ఎన్నో లెవెల్‌లో వస్తుంది?" చిరుతంటే పరుగు పెంచే ట్రావెల్ ఫామ్. క్లాసిక్‌లో అయితే 30లో వస్తుంది. వచ్చిన రోజు దాని మీద మ్యాప్ అంతా తిరిగేస్తారు. కొట్లాట వచ్చేసరికి మాత్రం ఆ బటన్ ఉందన్న సంగతే మర్చిపోతారు, లేకపోతే నొక్కకూడనప్పుడు నొక్కి "ఈ ఫామ్ వేస్ట్ అన్నా" అంటారు. మా గిల్డ్‌లో ఎక్కువమంది విజయనగరం, బొబ్బిలి, రాజాం, టెక్కలి వైపు వాళ్ళు. రాత్రి భోజనాలయ్యాక డిస్కార్డ్‌లో కూర్చుంటే ఇవే మాటలు తిరిగి తిరిగి వస్తుంటాయి. విడివిడిగా చెప్పలేక ఒకచోట రాస్తున్నాను.

ఒక్క మాట ముందే. ఈ ఆట 2004లో వచ్చింది. పాత రూపంలోనే మళ్ళీ ఆడుకునేలా క్లాసిక్ 2019లో వచ్చింది. రెండిట్లోనూ డ్రూయిడ్ పేరు ఒకటే గానీ లెక్కలు వేరు. పాత గైడు చదివి రిటైల్‌లో (ఆట ఇప్పటి రూపంలో), కొత్త వీడియో చూసి క్లాసిక్‌లో ఆడటం వల్లే సగం అపోహలు పుట్టాయి. అందుకే ఏది ఎక్కడిదో చెబుతూ వెళ్తాను.

అపోహ: మౌంట్ (ఎక్కి తిరిగే జంతువు) కొనుక్కోలేని వాళ్ళకే ట్రావెల్ ఫామ్. మౌంట్ వచ్చాక దాంతో పని లేదు.

వాస్తవం: క్లాసిక్ లెక్క వేసి చూద్దాం. మామూలు పరుగు సెకనుకు 7 గజాలు. ట్రావెల్ ఫామ్ 40 శాతం పెంచుతుంది కాబట్టి 9.8 గజాలు. 40వ లెవెల్ మౌంట్ 60 శాతం, అంటే 11.2. ఎపిక్ మౌంట్ 100 శాతం, అంటే 14. పైకి చూస్తే మౌంటే గెలిచింది. కానీ మౌంట్ ఎక్కడానికి 3 సెకన్లు కదలకుండా నిలబడాలి, చిరుత మాత్రం నొక్కగానే వస్తుంది. ఆ 3 సెకన్లు కలిపి చూస్తే, దాదాపు 235 గజాల లోపు దూరానికి 60 శాతం మౌంట్ కన్నా చిరుతే ముందు చేరుతుంది. ఎపిక్ మౌంట్ మీద కూడా 98 గజాల వరకు ఇదే ముందు. ఇక్కడో మొక్క, అక్కడో పెట్టె, మధ్యలో రెండు పందులు అన్నట్టు తిరిగే పనుల్లో అసలు మౌంట్ ఎక్కకండి. రిటైల్‌లో కొట్లాటలో లేనప్పుడు నేల మీద ట్రావెల్ ఫామ్ వేగం 100 శాతం, కొట్లాటలో 40. ఆటగాళ్ళు ఒకరితో ఒకరు కొట్టుకునే బ్యాటిల్‌గ్రౌండ్లలో, అరీనాల్లో ఆ 100 పనిచేయదు. "నిన్న బయట ఎగిరిపోయింది, ఇక్కడ నత్తలా ఉందేటి" అని అడిగేవాళ్ళకి జవాబు ఇదే.

అపోహ: రూపం మార్చేది వేగం కోసం.

వాస్తవం: కాదు. నా లెక్కలో వేగం దీనికి కొసరు మాత్రమే. అసలు బలం రూపం మారే ఆ క్షణంలో ఉంది. మారగానే కదలికను పట్టి ఉంచేవన్నీ, అంటే రూట్‌లు, స్లోలు, ఊడిపోతాయి. క్లాసిక్‌లోనూ అంతే, రిటైల్‌లోనూ అంతే. మేజ్ (మంత్రగాడు), వారియర్, హంటర్ ముగ్గురూ మిమ్మల్ని పట్టుకునేది వీటితోనే.

మరి నొక్కినా ఎందుకు దొరికిపోతున్నారు? వారియర్‌నే తీసుకోండి. అతను హ్యామ్‌స్ట్రింగ్ కొట్టాడు, మీ వేగం బాగా పడిపోయింది. వెంటనే టెన్షన్‌లో చిరుత నొక్కారు. స్లో పోయింది. కానీ మీరింకా అతని చేతికి అందేంత దూరంలోనే ఉన్నారు. అతను మళ్ళీ హ్యామ్‌స్ట్రింగ్ కొడతాడు, దానికి అతనికి 10 రేజ్ (వారియర్ వాడే శక్తి) చాలు. క్లాసిక్‌లో మీకేమో ప్రతి మార్పుకీ మానా (మంత్రాలకి వాడే శక్తి) ఊడుతుంది. నాలుగుసార్లు ఇలా జరిగితే మానా ఖాళీ, చిరుతా లేదు, హీలూ లేదు.

పని జరిగే వరుస వేరు. ముందు ఎలుగుబంటి, తర్వాత బ్యాష్. పై ర్యాంకు బ్యాష్ 4 సెకన్లు స్టన్ చేస్తుంది, అంటే ఏమీ చేయనీయదు. బ్యాష్ తర్వాత గ్లోబల్ కూల్‌డౌన్ (ఒక బటన్ నొక్కాక ఇంకోటి పడటానికి ఆగాల్సిన టైమ్) ఒకటిన్నర సెకను పోతుంది. అప్పుడు చిరుత. మిగిలిన రెండున్నర సెకన్లలో దాదాపు 24 గజాలు దాటతారు. మీ మీదికి దూసుకొచ్చే అతని ఇంటర్‌సెప్ట్ రేంజ్ 25 గజాలు. స్టన్ వదిలి అతను తేరుకుని బటన్ వెతుక్కునేలోపు ఆ ఒక్క గజం కూడా దాటిపోతుంది. లెక్క ఇంత బిగువుగా ఉంది కాబట్టే బ్యాష్ తర్వాత అటూ ఇటూ చూడటానికి, ఏ దిక్కుకి పరిగెత్తాలో ఆలోచించుకోవడానికి టైమ్ ఉండదు. దిక్కు ముందే చూసుకుని బ్యాష్ కొట్టాలి.

మేజ్ దగ్గర కథ ఇంకోలా ఉంటుంది. ఫ్రాస్ట్ నోవాతో కాళ్ళు కట్టేస్తాడు, దూరం జరుగుతాడు, ఫ్రాస్ట్‌బోల్ట్ మొదలుపెడతాడు. నోవా పడగానే నొక్కితే, ఆ వెనకే వచ్చే ఫ్రాస్ట్‌బోల్ట్ మళ్ళీ స్లో చేస్తుంది. ఆ బోల్ట్ మీకు తగిలాక నొక్కండి, ఒక్క మార్పుతో రెండూ ఊడతాయి. మంచి డ్రూయిడ్ నోవా పడ్డాక ఆ బోల్ట్ తగిలేదాకా ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే కొత్తవాళ్ళకి అన్నిటికన్నా కష్టం.

అపోహ: రూపం మారిస్తే ఏ కట్టయినా తెగుతుంది.

వాస్తవం: స్టన్ తెగదు, ఫియర్ (భయంతో పరుగెత్తించేది) తెగదు. స్టన్‌లో ఉన్నప్పుడు రూపం మార్చే బటనే పనిచేయదు. రోగ్ కిడ్నీ షాట్‌తో స్టన్ చేశాక కీబోర్డు విరగ్గొట్టినా లాభం లేదు. ట్రింకెట్ (కట్టు విడిపించే వస్తువు) ఉన్నది అందుకే. రిటైల్‌లో బార్క్‌స్కిన్ స్టన్‌లో కూడా వాడొచ్చు, దెబ్బ తగ్గిస్తుంది గానీ విడిపించదు.

అపోహ: రూపంలో ఉంటే మేజ్ గొర్రెగా మార్చలేడు కాబట్టి మేజ్ అంటే భయం లేదు.

వాస్తవం: మొదటి సగం నిజం. ఏ రూపంలో ఉన్నా పాలీమార్ఫ్, అంటే ఆ గొర్రె మంత్రం, తగలదు. కానీ హీల్ చేసుకోవడానికి మనిషి రూపంలోకి వస్తారు కదా? తెలిసిన మేజ్ ఆ క్షణం కోసమే కాచుకుని ఉంటాడు. ప్రాణం ముప్పావు ఉండగానే, అతను దూరంగా ఉన్నప్పుడే, చిన్న హీల్ వేసుకుని మళ్ళీ రూపంలోకి వెళ్ళిపోవాలి. పావు ప్రాణం దాకా ఆగి పెద్ద హీల్ మొదలుపెట్టారా, గొర్రె అయిపోయినట్టే. ఇక క్లాసిక్‌లో పిల్లి, ఎలుగు, చిరుత రూపాలు ఆట లెక్కలో మృగాలే. అంటే ఎదుటి డ్రూయిడ్ హైబర్నేట్‌తో మిమ్మల్ని నిద్రపుచ్చగలడు, హంటర్ స్కేర్ బీస్ట్‌తో పరుగు పెట్టించగలడు. ఈ రెండూ కూడా మన రూపం చూసి వేసేవే. అలాంటి వాళ్ళ ముందు ఏ క్షణంలో మనిషిగా ఉండాలో కూడా తెలియాలి.

అపోహ: వైల్డ్ చార్జ్ అంటే ముందుకి దూకడం.

వాస్తవం: రిటైల్‌లో ఇది ఒకే బటన్, రూపాన్ని బట్టి దిక్కు మారుతుంది. ఎలుగుబంటిగా ఉంటే శత్రువు మీదికి వెళ్ళి అతన్ని కదలకుండా పట్టేస్తుంది. పిల్లిగా ఉంటే అతని వెనక్కి దూకుతుంది. ట్రావెల్ ఫామ్‌లో ముందుకి. మనిషిగా ఉంటే మీ జట్టు వాడి దగ్గరికి ఎగురుతారు, అంటే టార్గెట్ మీవాడై ఉండాలి. నీళ్ళలో ఈత వేగం పెంచుతుంది. మూన్‌కిన్‌గా (కొమ్ములున్న గుడ్లగూబ లాంటి రూపం) ఉంటే వెనక్కి. ఈ చివరిది రాజాం తమ్ముడొకడు కొండ అంచున నిలబడి నేర్చుకున్నాడు. బాస్ వైపు తిరిగి, లోయకి వీపు పెట్టి, "అన్నా ముందుకెళ్తన్నాను సూడు" అన్నాడు. మాకు కనపడింది వాడి కొమ్ములే, అవీ కిందికి. అందుకని నేను కొత్తవాళ్ళకి చెప్పేది: ఏ రూపంలో ఉన్నారో చూసుకోకుండా ఆ బటన్ జోలికెళ్ళకండి.

అపోహ: ఎంత ఎత్తు నుంచి దూకినా మధ్యలో పక్షిగా మారితే చాలు.

వాస్తవం: ఎగిరే రూపం ఉన్న చోట ఇది నిజమే, డ్రూయిడ్ ఆడటంలో ఉన్న పెద్ద సరదా కూడా ఇదే. పడుతూ ఉండగా మౌంట్ ఎక్కలేరు, పక్షి మాత్రం అవుతారు. షరతులు రెండు. కొట్లాటలో ఉంటే ఎగిరే రూపం రాదు. ఇంకోటి, దూకే ముందు ఏ స్పెల్ వేసినా గ్లోబల్ కూల్‌డౌన్ నడుస్తూ ఉంటుంది, అది అయ్యేదాకా బటన్ మొరాయిస్తుంది. అలవాటుగా దూకుతూ ఒక రిజువనేషన్ (హీల్ మంత్రం) వేసుకునే వాళ్ళు ఇది గమనించాలి. ఎత్తు తక్కువైతే కూల్‌డౌన్ కన్నా నేలే ముందొస్తుంది. పిల్లి రూపం పడే దెబ్బ తగ్గిస్తుంది గానీ, పెద్ద కొండ నుంచి పడితే పిల్లీ చస్తుంది.

అపోహ: ఫైబర్ ప్లాన్ పెంచితే షిఫ్ట్ టైమింగ్ బాగుపడుతుంది.

వాస్తవం: ఇది మా వైపు ఎక్కువ వినపడుతుంది. 50 ఎంబీపీఎస్ నుంచి 200కి మార్చి, మర్నాడే వచ్చి "ఏటన్నా, అలాగే ఉంది" అంటారు. ఈ ఆటకి డేటా కొంచెమే కావాలి, అసలు బాధ పింగ్‌ది, అంటే మీ నొక్కు సర్వర్‌కి వెళ్ళి జవాబు రావడానికి పట్టే టైమ్‌ది. ఆట సర్వర్లు మన దేశంలో లేవు. హైవేని ఆరు లైన్లు చేస్తే బండ్లు ఎక్కువ పడతాయి గానీ ఇచ్ఛాపురం దగ్గరికి జరగదు కదా.

లోపల జరిగేది ఇది. మీరు నడిచే నడక మీ కంప్యూటరే లెక్క కట్టి సర్వర్‌కి చెబుతుంది, అందుకే మామూలు పరుగులో లాగ్ తెలియదు. రూపం మార్చడం అలా కాదు. మీ నొక్కు సర్వర్‌కి వెళ్ళాలి, అది సరేనని తిరిగి చెప్పాలి, అప్పుడే కొత్త వేగం మొదలవుతుంది. పింగ్ 200 మిల్లీసెకన్లు ఉంటే ప్రతి మార్పూ అంత ఆలస్యంగానే అందుతుంది. పైన చెప్పిన 24 గజాల లెక్కలో దాదాపు 2 గజాలు ఇక్కడే పోతాయి. చేయగలిగింది ఉంది: వైఫై వదిలి కేబుల్ పెట్టుకోండి, ఆడే టైమ్‌లో ఇంట్లో ఎవరూ పెద్ద డౌన్‌లోడ్ పెట్టకుండా చూసుకోండి. స్పెల్ క్యూ విండో అనే సెట్టింగ్ ఉంది, మామూలుగా 400 మిల్లీసెకన్లు ఉంటుంది. కూల్‌డౌన్ అవ్వడానికి అంత ముందుగా నొక్కినా అది గుర్తుపెట్టుకుని వేస్తుంది. పింగ్ ఎక్కువున్న మనలాంటి వాళ్ళు దాన్ని తగ్గించకండి. వీడియోల్లో తగ్గించమని చెప్పేవాళ్ళు సర్వర్ పక్కనే ఉన్నవాళ్ళు. తుపాను పూట కరెంటు సంగతి నేను చెప్పక్కర్లేదు. సిరిమాను మంగళవారం రాత్రి మాత్రం రైడ్ పెట్టొద్దు, ఎవరూ రారు.

అపోహ: మంచి మ్యాక్రో (ఒక బటన్‌కి కట్టే ఆజ్ఞల వరుస) ఉంటే ఒక్క బటన్‌తో అన్నీ అయిపోతాయి.

వాస్తవం: క్యాన్సిల్‌ఫామ్, దాని కింద కొత్త రూపం, ఇలా రెండు లైన్ల మ్యాక్రో తప్పకుండా పెట్టుకోండి. అంతకు మించి ఆశ పడొద్దు. రూపం, బ్యాష్, హీల్ అన్నీ గ్లోబల్ కూల్‌డౌన్ తింటాయి కాబట్టి ఒక నొక్కుకి ఒకటే పడుతుంది. వాటంతట అవే నొక్కే సాఫ్ట్‌వేర్లు వాడితే అకౌంటే పోతుంది. క్లాసిక్‌లో రూపం మార్చడం ఎప్పుడూ దండగే అనుకోవడం కూడా తప్పు. ఫ్యూరర్ టాలెంట్ పూర్తిగా ఉన్న డ్రూయిడ్ పిల్లి రూపం వదిలి మళ్ళీ అందులోకి వస్తే 40 ఎనర్జీ (పిల్లి దెబ్బలకి వాడే శక్తి) వస్తుంది, వుల్ఫ్స్‌హెడ్ హెల్మ్ పెట్టుకుంటే ఇంకో 20. ఎనర్జీ అయిపోయాక మానా ఖర్చు పెట్టి 60 కొనుక్కుంటున్నట్టు లెక్క.

అపోహ: వార్‌సాంగ్ గల్చ్‌లో (ఎదుటి జట్టు జెండా ఎత్తుకొచ్చే బ్యాటిల్‌గ్రౌండ్) జెండా పట్టుకున్నాక రూపం మారిస్తే జెండా పడిపోతుంది.

వాస్తవం: మౌంట్ ఎక్కితే పడుతుంది, ప్రౌల్‌లోకి (పిల్లిగా కనపడకుండా నక్కడం) వెళ్తే పడుతుంది. క్లాసిక్‌లో ట్రావెల్ ఫామ్‌కి పడదు, జెండా మోయడానికి డ్రూయిడ్‌ని పిలిచేదే అందుకు. కాకపోతే క్లాసిక్ చిరుత ఆరుబయటే పనిచేస్తుంది, జెండా గది, సొరంగం లోపలి లెక్కలోకి వస్తాయి. లోపల పిల్లి రూపంలో పరుగు పెంచే డ్యాష్ వాడి బయటపడాలి, ఎండ కనపడగానే చిరుత. డ్యాష్ పిల్లి రూపంలో ఉన్నంతసేపే ఉంటుంది, 15 సెకన్లు. తొందరపడి సొరంగంలోనే చిరుత నొక్కేవాళ్ళు పిల్లినీ డ్యాష్‌నీ పోగొట్టుకుని మామూలు మనిషిలా నడుస్తూ దొరికిపోతారు. ఈ ఆదివారం పదిమంది కుదిరితే సొరంగం దగ్గరే ప్రాక్టీస్ పెడదాం, జెండా మొదట టెక్కలి వాళ్ళకి.