సినిమా చూసి వ్యాపారం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తాను, జీఎస్‌టీ రిటర్నులు వేస్తాను. నెలకొకరైనా ఏదో సినిమా పేరు చెబుతూ నా ముందు కూర్చుంటారు. ఎక్కువగా వినిపించేది మెక్‌డొనాల్డ్స్ బర్గర్ షాపుల కథతో 2016లో వచ్చిన 'ది ఫౌండర్'.

అపోహ: అమ్మకాలు పెరిగితే డబ్బు దానంతటదే వస్తుంది.

కొంపలు ముంచేది ఇదే. ఆ సినిమాలో అందరికీ గుర్తుండేది ఆ షాపుల్ని ఊరూరా విస్తరించిన రే క్రాక్ పట్టుదల. నాకు గుర్తుండేది బ్యాంకు సీను. ఊరూరా షాపులు తెరుస్తున్నాడు, ఇంటి మీద తెచ్చిన అప్పు కిస్తీలు మాత్రం కట్టలేకపోతున్నాడు. షాపుల అమ్మకాల్లో అతనికి వచ్చేది 1.9 శాతం, అందులో 0.5 మొదటి షాపు పెట్టిన మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములకి పోతుంది. షాపుల స్థలాలు చేతిలో పెట్టుకుని అద్దె వసూలు చేయడం మొదలెట్టాకే తేరుకున్నాడు. సరిగ్గా ఆ లెక్కల సీను దగ్గరే మనవాళ్లు ఫోను చూసుకుంటారు.

మొన్న పలాస నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. వైజాగ్ షాపు నుంచి 200 కిలోల ఆర్డరు.

"ఆర్డరొచ్చీసింది కద సార్, ఇంకా భయమేటి?"

క్యాలెండర్ కాగితం వెనక రాసి చూపించాను. కిలో తనకు పడేది 800, అమ్మేది 880. లాభం 16,000. షాపువాళ్లు డబ్బిచ్చేది 90 రోజులకి. పెట్టుబడి 1,60,000 రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు, అంటే మూడు నెలలకి 9,600. మిగిలిన 6,400లోనే అట్టపెట్టెలు, లారీ కిరాయి. జీఎస్‌టీ అయితే డబ్బు చేతికొచ్చే దాకా ఆగదు. ఈలోగా ఇంకో ఆర్డరొస్తే ఇంకో అప్పు. మొహం పాలిపోయింది పాపం, టీ తెప్పించాను.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న తయారీదారుకి ఎన్ని రోజుల గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలని చిన్న పరిశ్రమల 2006 చట్టం చెబుతోంది. ఒప్పందమే లేకపోతే 15 రోజులే. "గట్టిగా అడిగితే ఇంక కొనరేమో" అన్నాడు. ఆ భయం నిజమే. అందుకే కేసులూ గొడవలూ వద్దు, సగం అడ్వాన్సు అడుగు, కాదంటే 50 కిలోలతో మొదలెట్టు అన్నాను. 50 కిలోలకి ఒప్పుకున్నారట.

మిగతావి గబగబా. ఉన్నదంతా తాకట్టు పెట్టి దూకమని పుస్తకాల్లో ఉందంటారు. దూకి మునిగినవాడు పుస్తకం రాయలేదు నాయనా. మార్కెటింగ్ అంటే రీల్స్ అంటారు. రీల్ చూసి ఒకసారి కొంటారు, ప్యాకెట్ విప్పితే పప్పు మెత్తబడి ఉంటే రెండోసారి ఎవరొస్తారు?

అలాగని సినిమాలు దండగ అనేవాళ్ల మాటా నేను ఒప్పుకోను. ఆ అన్నదమ్ములు టెన్నిస్ కోర్టు మీద సుద్దతో వంటగది గీసి, పనివాళ్లను అందులో నడిపించి చూస్తారు. నిజంగానే చేసిన పని అది. విజయనగరం గంటస్తంభం దగ్గర మా బావగారి టిఫిన్ సెంటర్ కోసం మేమూ డాబా మీద ముగ్గుపిండితో గీశాం. చట్నీ కోసం సప్లయరు ప్రతిసారీ పెనం వెనక నుంచి చుట్టి వస్తున్నాడని అప్పుడు తెలిసింది. గిన్నెను గుమ్మం పక్కకి మార్చాం. ముగ్గుపిండి డబ్బా ఖాళీ చేశామని అక్క మాత్రం సాయంత్రం దాకా సణిగింది.