కాంటాకు, నెట్‌వర్క్ కార్డుకు ఒకటే గీత

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే పాత కంప్యూటర్ ఉండేది. ధాన్యం లారీ కాంటా ఎక్కగానే దాని బరువు రెండో సీరియల్ పోర్టు గుండా తెర మీదికి వచ్చేది. ఆఫీసు గదికి లెక్కలు పంపడానికి అందులో ఐఎస్‌ఏ (పాత పీసీల స్లాట్ పద్ధతి) రకం ఎన్‌ఈ2000 నెట్‌వర్క్ కార్డు బిగించిన రోజే చిక్కు మొదలైంది: కాంటా నడుస్తున్నంతసేపు నెట్‌వర్క్ లేచేది కాదు, నెట్‌వర్క్‌ను ముందు లేపితే కాంటా పోర్టు తెరుచుకునేది కాదు. కేబుల్ మార్చినా ఫలితం కనిపించలేదు.

తన దగ్గర పని ఉందని ఒక పరికరం ప్రాసెసర్‌కు పంపే పిలుపే ఇంటరప్ట్. 1984లో వచ్చిన ఐబీఎం కంప్యూటర్ పీసీ ఏటీలో ఈ పిలుపులను అందుకునే రెండు 8259 చిప్పులను జతచేసి, పిలుపులు వచ్చే 15 గీతలు (తీగలు) ఏర్పరిచారు. ప్రతి గీతకు ఒక సంఖ్య ఉంటుంది: టైమర్‌కు 0, కీబోర్డుకు 1, రెండో సీరియల్ పోర్టుకు 3. ఐఎస్‌ఏ పద్ధతిలో గీత మీద వోల్టేజీ పైకి లేచిన క్షణమే పిలుపుగా లెక్క. ఒక పరికరం దాన్ని పైకి పట్టి ఉంచినప్పుడు రెండోది పిలిస్తే కొత్తగా లేచేది ఏమీ ఉండదు గనుక ఆ పిలుపు పోతుంది. అందుకే ఇలాంటి గీతను ఒక డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) తీసుకున్నాక లినక్స్ మరొకదానికి ఇవ్వదు.

ఇక్కడ ముందుగా చూడవలసింది /ప్రాక్/ఇంటరప్ట్స్ (/proc/interrupts) అనే ఫైలు. ప్రతి గీతకు ఎన్ని పిలుపులు వచ్చాయో, దాన్ని ఏ డ్రైవర్ పట్టుకుందో అందులో ఉంటుంది. కాంటా నడుస్తుండగా తెరిస్తే 3 పక్కన సీరియల్ ఉంది, 10 ఖాళీగా ఉంది. కార్డు మీది జంపర్ (గీత సంఖ్యను ఎంచుకునే చిన్న బిళ్ల) కూడా 3 దగ్గరే ఉంది. జంపర్‌ను పీకి 10 దగ్గర గుచ్చి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రామ్) 10ని ఐఎస్‌ఏకు కేటాయించి, డ్రైవర్‌కూ అదే సంఖ్య ఇచ్చాక రెండూ కలిసి నడిచాయి. చాలామంది డ్రైవర్‌కు ఇచ్చే సంఖ్య ఒక్కటే మార్చి ఊరుకుంటారు. దానివల్ల కార్డు మారదు. అప్పుడు ప్యాకెట్లు పంపుతున్నా ఆ ఫైలులో లెక్క సున్నా దగ్గరే నిలిచి, పంపిన పని గడువు దాటిందని కెర్నెల్ (లినక్స్ కేంద్ర భాగం) లాగ్‌లో నమోదవుతుంది.

ఐఎస్‌ఏ తర్వాత వచ్చిన పీసీఐ కార్డుల సంగతి వేరు. పని తీరేదాకా గీతను వదలవు కనుక రెండో పిలుపు పోదు, అందుకే ఒకే సంఖ్య పక్కన రెండు పేర్లు కనిపించడం దోషం కాదు. వచ్చిన పిలుపు తనదని ఏ డ్రైవరూ ఒప్పుకోనప్పుడే ప్రమాదం: లక్ష పిలుపుల్లో 99,900కు మించి అనాథలైతే, పట్టించుకున్నవారు లేరని రాసి కెర్నెల్ ఆ గీతనే మూసేస్తుంది, పక్క పరికరమూ దానితోపాటు మూగబోతుంది. అలాంటప్పుడు కార్డును మరో స్లాట్‌లోకి మార్చడం నేను మొదట చేసే పని. స్లాట్ మారితే చాలాసార్లు గీత కూడా మారుతుంది.