డచ్ బొమ్మల్లో పేకముక్క అంటే పాపమేనా?

పాత డచ్ పెయింటింగ్‌లో పేకముక్క కనిపిస్తే చాలు, ఇది పాపానికి గుర్తు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అసలు ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో చూస్తే కథ కొంచెం పెద్దదే.

మొదట్లో నిజంగానే పాపం. 1500 ప్రాంతంలో బాష్ అనే చిత్రకారుడు గీసిన నరకంలో జూదగాళ్ల బల్ల తిరగబడి ఉంటుంది, ముక్కలు చెల్లాచెదురు, దయ్యాలు మీదపడి పీక్కుతింటుంటాయి, ఇంక డౌటేముంది. కానీ ఓ ఇరవై ఏళ్లు తిరిగేసరికి లూకాస్ వాన్ లైడెన్ బొమ్మలో దయ్యాల్లేవు, ఇద్దరు మగాళ్ల మధ్య ఒకావిడ కూర్చుని ఆడుతోంది, పందెం డబ్బు మీదో ఆవిడ మీదో మనమే తేల్చుకోవాలి.

పదిహేడో శతాబ్దంలో డచ్ దేశంలో కాల్వినిస్టు (కఠిన ప్రొటెస్టెంట్ శాఖ) పాస్టర్లు పేకని తిట్టిపోస్తుంటే జనం పేకాట బొమ్మలు కొని ఇళ్లల్లో తగిలించుకున్నారు. యాన్ స్టీన్ బొమ్మ ఒకటి బెర్లిన్‌లో ఉంది, ఆటలో గొడవొచ్చి ఒకడు కత్తి దూయబోతుంటే ఆడవాళ్లు పట్టుకుని ఆపుతుంటారు, కింద ముక్కలు పడి ఉంటాయి. నీతి ఉంది, కాదనను, కానీ ఈ స్టీన్ డెల్ఫ్ట్‌లో బీరు బట్టీ నడిపినవాడు, 1672లో లైడెన్‌లో సత్రం కూడా పెట్టాడు, ఆయన నీతి చెప్తుంటే నాకు నవ్వే కనిపిస్తుంది. (అన్నట్టు మనం అనే ఆఠీను, కళావరు కూడా డచ్ హార్టెన్, క్లావర్ నుంచే వచ్చాయంటారు, మచిలీపట్నంలో డచ్చోళ్లు అన్నేళ్లు వ్యాపారం చేశారు మరి.)

మరి ప్రతి వస్తువుకీ గూఢార్థం వెతకడం? అది బాగా ఊపందుకుంది 1970లలో. ఎడ్డీ డి యోంగ్ అనే కళాచరిత్రకారుడు ఆ కాలం నీతిచిత్రాల పుస్తకాలు పక్కన పెట్టుకుని బొమ్మల్ని చదివాడు, 1976లో ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఈ పద్ధతి మీద పెద్ద ఎగ్జిబిషన్ కూడా జరిగింది. 1983లో స్వెట్లానా ఆల్పర్స్ అనే ఇంకో కళాచరిత్రకారిణి వచ్చి, ఈ డచ్ చిత్రకారులు కథ చెప్పట్లేదు, కళ్లకి కనిపించేదాన్ని గీస్తున్నారు అని అడ్డం తిరిగింది. ఆ తగువు ఇంకా తెగలేదు.

నేనైతే ఆల్పర్స్ వైపే కొంచెం మొగ్గుతా. పీటర్ డి హోక్ 1658లో గీసిన పేకాట చూడండి, వాకిట్లోంచి గదిలోకి ఎండ పడుతోంది, పేకకన్నా ఆ ఎండ మీదే పెట్టాడు ఆయన శ్రద్ధంతా.