కరెంటు డోసు తగాదా: ముడి పడింది తులూజ్‌లో

క్యాన్సర్ రోగికి రేడియేషన్ ఎక్కువైందనో తక్కువైందనో వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినపడతాయి. 'మిషన్‌లో లోపమేమీ లేదు, మనిషి పొరపాటు' అనేది ఒకటి. ఇది సాధారణంగా కంపెనీల వైపు నుంచి, యాజమాన్యాల వైపు నుంచి వస్తుంది. 'ఒకరు కొలిచిన దాన్ని ఇంకొకరు కొలిచి చూసే ఏర్పాటేదీ?' అనేది రెండోది. దీన్ని అడిగేది ఆస్పత్రుల్లో రేడియేషన్ డోసును కొలిచి సరిచూసే మెడికల్ ఫిజిసిస్టులు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2000లో ఇచ్చిన డోసు కొలత నియమావళి టీఆర్ఎస్-398ని 2024లో సవరించింది. ఆస్పత్రులు పాత లెక్కల్ని మళ్లీ ముందేసుకోవాల్సి రావడంతో పాత తగాదా కూడా పైకొచ్చింది.

ఎక్స్‌రేల్ని కనిపెట్టిన రాంట్‌జెన్, రేడియంని కనిపెట్టిన క్యూరీల దగ్గర్నుంచి మొదలెట్టాల్సిన పని లేదు. ఈ తగాదా ఎందుకు తెగట్లేదో తెలియాలంటే 2006 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌కి వెళ్లాలి.

అక్కడి యూనివర్సిటీ ఆస్పత్రికి నోవాలిస్ అనే మిషన్ కొత్తగా వచ్చింది. బ్రెయిన్‌ల్యాబ్ కంపెనీ ఇచ్చిన ఈ మిషన్‌తో మెదడులోని చిన్న గడ్డల మీదికి సన్నటి కిరణాలు పంపి వైద్యం చేస్తారు. మన హోర్డింగుల మీద 'కోత లేదు, కుట్టు లేదు' అని కనిపించే స్టీరియోటాక్టిక్ వైద్యం ఇదే. ఆ కిరణం 6 మిల్లీమీటర్ల వరకూ సన్నబడుతుంది. రోగుల్ని పడుకోబెట్టే ముందు ఏ సైజు కిరణానికి ఎంత డోసు వస్తోందో ఫిజిసిస్టు కొలిచి, ఆ అంకెల్ని ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఎక్కించాలి. ఎక్కించారు. కాకపోతే సన్న కిరణాల్ని కొలిచిన సాధనం వాటికి సరిపడేది కాదు, మరీ పెద్దది. ఏడాది పాటు ఆ అంకెలతోనే వైద్యం నడిచింది. అక్కడ స్టీరియోటాక్టిక్ వైద్యం చేయించుకున్న 172 మందిలో 145 మందికి డోసు మించిపోయింది.

సాధనం పెద్దదైతే తప్పేమిటి? అసలు డోసును ఎలా కొలుస్తారో చూస్తే తెలుస్తుంది. కిలో కణజాలంలో ఒక జౌల్ శక్తి దిగితే ఒక గ్రే. మన వాళ్లు 'కరెంటు పెట్టించుకున్నాం' అంటారే, ఆ మామూలు సిటింగ్ ఒక్కోటీ 2 గ్రేలు. దానికి నీరు వేడెక్కేది డిగ్రీలో రెండు వేలో వంతు. అందుకే ఆస్పత్రిలో వేడిని కాకుండా గాలిని కొలుస్తారు. చాంబర్ అనే వేలెడంత బోలు గొట్టాన్ని నీళ్ల తొట్టిలో ముంచి కిరణం వేస్తే, చాంబర్‌లోని కాస్త గాలిలో విద్యుదావేశం పుడుతుంది. దాన్ని ఎలక్ట్రోమీటర్ లెక్కపెడుతుంది.

ఆ కాస్త గాలీ తక్కువ ఇబ్బంది పెట్టదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ గాలి పీడనం విశాఖ కంటే దాదాపు 6 శాతం తక్కువ. పీడనం లెక్క సరిచూసుకోకపోతే ఒకే కిరణం రెండు ఊళ్లలో రెండు రకాలుగా కనపడుతుంది. రోగికి చేరే డోసులో తేడా 5 శాతం దాటకూడదని రేడియేషన్ కొలతల అంతర్జాతీయ కమిషన్ ఐసీఆర్‌యూ 1976లోనే చెప్పింది. అంటే గోడకున్న బారోమీటర్ చూడటం మరిచిపోతే చాలు, ఆ 5 శాతం దాటిపోతుంది.

చాంబర్లలో ఎక్కువగా వాడేది ఫార్మర్ రకం. న్యూకాజిల్‌కి చెందిన ఫ్రాంక్ ఫార్మర్ 1955లో తెచ్చిన నమూనా ఇప్పటికీ ప్రతి ఆస్పత్రి బీరువాలోనూ ఉంటుంది. దాని లోపలి గది పొడవు రెండు సెంటీమీటర్ల పైనే. పది సెంటీమీటర్ల కిరణంలో అది హాయిగా ఇముడుతుంది. 6 మిల్లీమీటర్ల కిరణంలో పెడితే గదిలో చాలా భాగం చీకట్లోనే ఉండిపోతుంది. పెంకుటింట్లో పెంకు పగిలిన చోట నేల మీద రూపాయి బిళ్లంత ఎండ పడుతుంది కదా. దాని కింద పళ్లెం పెట్టి పళ్లెం మొత్తానికి సగటు వెలుగు ఎంతో చెప్పమంటే, 'ఎండ పెద్దగా లేదు' అనే తేలుతుంది. ఎండ మాత్రం చుర్రుమనే ఉంటుంది.

ఇక్కణ్నుంచి తప్పు తిరగబడుతుంది. కిరణం బలం 60 ఉందనుకుందాం. పెద్ద చాంబర్ 40 అని చెబుతుంది. కిరణం బలహీనంగా ఉంది కాబట్టి ఎక్కువసేపు వేయాలని సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. రోగికి పడేది ఒకటిన్నర రెట్లు. చాంబర్ తక్కువ చూపించిన కొద్దీ రోగికి డోసు పెరుగుతూ పోతుంది. తెర మీద ఎర్ర లైటు వెలగదు, అలారం మోగదు. సాఫ్ట్‌వేర్ దానికిచ్చిన అంకెని నమ్మింది, మిషన్ చెప్పినంతా చేసింది. 'మిషన్‌లో లోపం లేదు' అనే మాట నిజమే అవుతుంది!

తులూజ్‌లో తప్పు ఎలా బయటపడిందన్నది ఇవాళ్టి వాదనకి అన్నిటికంటే ముఖ్యం. 2007 ఏప్రిల్‌లో కంపెనీ తన మిషన్లున్న ఆస్పత్రుల అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్క చోటి అంకెలు మిగతావాటితో కలవలేదు. ఇది తమ జాగ్రత్తకి నిదర్శనమని కంపెనీల వైపు వాళ్లు అంటారు, అందులో న్యాయముంది. ఆ పోలిక మొదటి రోగి టేబుల్ ఎక్కకముందే ఎందుకు జరగలేదన్నది ఫిజిసిస్టుల ప్రశ్న. దీనికి ఇప్పటిదాకా సూటి జవాబు నా కంటపడలేదు.

పాఠం నేర్చుకున్నారా అంటే, అట్లాంటిక్ అవతల అదే కంపెనీ పరికరాలతో అదే తప్పు అప్పటికే నడుస్తోంది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2004 నుంచి 2009 దాకా 76 మందికి దాదాపు 50 శాతం ఎక్కువ డోసు పడింది. అక్కడా పెద్ద చాంబరే. తులూజ్ సంగతి లోకానికి తెలిశాక కూడా రెండేళ్లు సాగింది. చివరికి ఇంకో ఫిజిసిస్టు ట్రైనింగ్‌కి వెళ్లొచ్చి అంకెల్ని చూసి అనుమానపడ్డాకే ఆగింది. రెండు చోట్లా పట్టుకున్నది రెండో జత కళ్లే.

బయటి తనిఖీ ఉంటే చాలదా అనేవాళ్లు 1988 నాటి ఎక్సెటర్‌ని గుర్తు చేస్తారు. ఆ ఇంగ్లండ్ ఆస్పత్రిలో కొత్తగా పెట్టిన కోబాల్ట్ రేడియేషన్ సోర్సుని తప్పుగా కొలవడంతో 200 మందికి పైగా రోగులకి 25 శాతం ఎక్కువ డోసు పడింది. దేశవ్యాప్త పోలిక తనిఖీలోనే అది దొరికింది. తనిఖీ వ్యవస్థ మనకీ కొత్తేం కాదు. అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1969 నుంచి పోస్టులో చిన్న క్యాప్సూళ్లు పంపుతున్నాయి. ఆస్పత్రి దాన్ని నీళ్లలో పెట్టి 2 గ్రేలు వేసి తిప్పి పంపితే, నిజంగా ఎంత పడిందో వాళ్లు చదివి చెబుతారు. మన దగ్గర ఈ పని దశాబ్దాలుగా ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) చూస్తోంది.

కానీ చిక్కు ఇక్కడే ఉంది. ఆ తనిఖీకి మొదట్నుంచీ ఆధారం 10 సెంటీమీటర్ల ప్రామాణిక ఫీల్డు, అంటే అంత వెడల్పాటి కిరణం. ఎక్సెటర్ తప్పు అన్ని సైజుల్లోనూ ఉంది కాబట్టి అందులో దొరికింది. తులూజ్ తప్పు సన్న కిరణంలో మాత్రమే దాక్కుంది. పెద్ద ఫీల్డునే చూసే తనిఖీలో అలాంటి ఆస్పత్రి ఫస్ట్ క్లాసులో పాసైపోతుంది. 'మాకు ఆడిట్ సర్టిఫికెట్ ఉంది' అని ఎవరైనా చూపిస్తే, అది ఏ సైజు కిరణానికని అడగాలి.

నియమాలు నింపాదిగా వచ్చాయి. 2000 నాటి నియమావళి ఇంత సన్న కిరణాల కోసం రాసింది కాదు. వాటిని ఎలా కొలవాలో నిపుణుల బృందం 2008లో ఒక చట్రం ప్రతిపాదించింది. దాని మీద కట్టిన టీఆర్ఎస్-483 నియమావళి వచ్చేసరికి 2017 అయింది. తులూజ్ బయటపడి అప్పటికి పదేళ్లు. ఈ మధ్యలో సన్న కిరణాల వైద్యం మాత్రం ఆగలేదు, ఊరూరా పెరిగింది.

టీఆర్ఎస్-483 చెప్పేదాంట్లో యాజమాన్యాలకి మింగుడుపడని ముక్క ఒకటుంది. సన్న కిరణాన్ని ఒక్క సాధనంతో కొలిచి ఊరుకోకుండా, రెండు మూడు రకాల డిటెక్టర్లతో కొలిచి పోల్చుకోమంటుంది. అంటే చిన్న సెమీకండక్టర్ సాధనమైన డయోడ్ కావాలి, వజ్రపు డిటెక్టరో, రేడియేషన్ పడితే రంగు మారే ఫిల్మో కావాలి. ఫిజిసిస్టు ఇండెంట్ పెడితే 'చాంబర్ ఉందిగా, మళ్లీ ఎందుకు?' అనే ప్రశ్నతో ఫైలు వెనక్కొస్తుంది. కొని ఇచ్చినా కొలవడానికి మిషన్ ఖాళీగా దొరకాలి. పొద్దున్నుంచీ రోగులు క్యూలో ఉంటారు కాబట్టి, నీళ్ల తొట్టి నింపుకోవడానికి వీలయ్యేది రాత్రి ఆఖరి రోగి వెళ్లాకో, ఆదివారమో.