కొత్త జీనుకి ఏ రంగు తోలు తీసుకోవాలి?

కొత్త జీను కొనేటప్పుడు సైజు కుదిరి, గుర్రం వీపుకి సరిగ్గా అమరిందని తేల్చుకున్నాక చాలామంది రంగు దగ్గర ఆగిపోతారు. నలుపా, ముదురు గోధుమా, లేత తేనెరంగా? శాంపిల్ ముక్క చూసి కంటికి నచ్చింది చెప్పేస్తారు. కానీ తోలు రంగు నిలకడగా ఉండదు. ఎండ, నూనె, చెమట తగిలాక అది ఎటు తిరుగుతుందో ఆలోచించి ఎంచుకోవాలి.

మంచి జీన్లకి ఎక్కువగా వాడేది చెట్లలో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలతో పదును చేసిన తోలు. ఓక్ బెరడు, తుమ్మ జాతి చెట్ల బెరడు, కరక్కాయ లాంటి వాటిలోని టానిన్లు తోలులో ఉన్న కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులకి అతుక్కుని అది కుళ్ళకుండా కాపాడతాయి. అవే టానిన్లు గాలి, వెలుతురు తగిలేకొద్దీ ఆక్సీకరణ చెంది ముదురుతాయి, కోసిన యాపిల్ ముక్క రంగు మారడానికి ఇది దగ్గరి చుట్టమే. తుమ్మ బెరడు రకమైతే ఎర్రటి ఛాయకి తిరుగుతుంది, కరక్కాయ రకం వెలుతురుని కాస్త బాగా తట్టుకుంటుంది. కొన్నాళ్ళు వాడిన లేతరంగు జీను మీద రికాబు (పాదం పెట్టే కొక్కెం) వేలాడే పట్టీని పైకెత్తి చూడండి, దాని కింద ఎండ తగలని చోట పాత రంగు చారలా మిగిలి ఉంటుంది.

నూనె సంగతి వేరు. పోగుల మధ్య ఖాళీల్లో గాలి ఉన్నంతకాలం వెలుతురు చెదిరి తోలు లేతగా కనిపిస్తుంది. ఆ ఖాళీల్లోకి నూనె చేరితే చెదరడం తగ్గి ముదురుగా అనిపిస్తుంది, ఒకసారి బాగా పట్టాక వెనక్కి తీయడం దాదాపు కుదరదు. లేతరంగు ఇష్టపడి కొనేవాళ్ళు నూనె చాలా పల్చగా, అన్ని చోట్లా సమానంగా రాయాలి.

ఇక గుర్రం చెమట. అందులో ఉప్పుతో పాటు లాథరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అది సబ్బులా పనిచేసి చెమటని వెంట్రుకల్లోంచి పైకి పాకిస్తుంది, అందుకే గుర్రం ఒంటి మీద, పట్టీలు రాసుకునే చోట నురగ కనిపిస్తుంది. ఆ చెమట క్షారగుణం వైపు ఉంటుంది, తోలేమో ఆమ్లగుణంది, కాబట్టి తుడవకుండా వదిలేస్తే ఏ రంగు తోలైనా దెబ్బతింటుంది. నలుపు మీద ఉప్పు తెల్లటి గీతలుగా, లేతరంగు మీద తడి ముదురు మరకగా బయటపడుతుంది. లేత తోలుకి ఇనుము అంటే ఇంకో భయం కూడా ఉంది. తడిసిన తోలుకి తుప్పు తగిలితే టానిన్‌తో కలిసి నీలినలుపు మరక పడుతుంది, పాతకాలం రాత సిరా తయారైంది ఈ రసాయన చర్యతోనే! కొందరు పనివాళ్ళు వెనిగర్‌లో ఇనుము కరిగించి ఇదే పద్ధతిలో తోలుని కావాలని నల్లగా మారుస్తారు.

నలుపు ఎండలో ఎక్కువ వేడెక్కుతుందన్న మాట మామూలుగా నిజమే. అయితే సూర్యుడి శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే, వాటిని ఆ రంగు ఎంత పీల్చుకుంటుందన్న దాన్ని బట్టి ఒకేలా కనిపించే రెండు నలుపులు కూడా వేరువేరుగా కాగొచ్చు.

ముదురు రంగు తీసుకుంటే మాత్రం తడి తెల్ల గుడ్డతో శాంపిల్‌ని గట్టిగా రుద్ది చూడండి. రంగు దిగితే మీ ప్యాంటుకీ దిగుతుంది. కోసిన అంచు కూడా చూడాలి: రంగు లోపలిదాకా పట్టిందా, పైపైనే ఉందా? పైపైనే ఉంటే గీత పడ్డ ప్రతిచోటా లేత తోలు బయటపడుతుంది.

నన్నడిగితే మధ్యస్థంగా ముదురైన గోధుమరంగే మేలు. ముదిరినా తేడా పెద్దగా తెలియదు, మరకలు అంతగా కొట్టొచ్చినట్టు కనిపించవు, పగుళ్ళు మాత్రం దాగవు. బరువు మోసే పట్టీల్ని మాత్రం రంగు ఏదైనా తరచూ వంచి చూసుకోవాల్సిందే. రికాబు పట్టీలు, పొట్ట కింద బిగించే పట్టీ జీనుతో పాటే కొనేయండి, ఆర్నెల్ల తర్వాత అదే రంగు పేరుతో కొన్నా అప్పటికే ముదిరిన జీనుకి అవి కలవవు.